తూర్పు గ్యాలరీలో తొమ్మిది దూలాలు

నా రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, కార్తీకమాసం రెండో సోమవారం నాడు, నన్ను క్వాలిటీ కంట్రోల్ విభాగానికి బదిలీ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. హోదా మారలేదు, డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరే. మా శాఖలో డీఈఈ అంటారు. పని మాత్రం వేరు. అంతవరకూ నేను కట్టించేదాన్ని. ఇకమీదట ఇతరులు కట్టించేదాన్ని పరీక్షించి, బాగుందో లేదో రాసి సంతకం పెట్టాలి. నాకు అప్పజెప్పింది అనంతపురానికి పడమరగా, బెళుగుప్ప దిక్కు పోయే రోడ్డు పక్కన ఎర్ర దిన్నె మీద లేస్తున్న క్రీడా ప్రాంగణం. మధ్యలో మైదానం, చుట్టూ పరుగుపందేల ట్రాకు, పడమట పైకప్పున్న పెద్ద గ్యాలరీ, తూర్పున పైకప్పు లేని గ్యాలరీ. ఉత్తర్వును దేవుడి పటం ముందు పెట్టి దండం పెట్టుకుని, మరుసటి రోజే పోయి చేరాను.

స్టేడియం పని నాకు కొత్త. అంతకుముందు కల్వర్టులు, హాస్టల్ భవనాలు, నీళ్ల ట్యాంకులు చూసిన అనుభవమే. నా చదువు కూడా తిన్నని దారిలో సాగింది కాదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి కాలు పడిపోతే, ధర్మవరంలో మా నాయన నన్ను మగ్గం పక్కనే కూర్చోబెట్టుకుని, నేస్తూనే పదో తరగతి దాకా తానే చదువు చెప్పాడు. కాలు బాగయ్యాక ప్రైవేటుగా పరీక్ష రాసి, పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేశాను. బడి ముఖం చూడనందువల్ల నాకు ఒక మేలు జరిగింది. తెలియనిది అడగడానికి సిగ్గు అలవాటు కాలేదు. మొదటి నెలంతా డ్రాయింగులు ముందేసుకుని, డిజైను చేసిన కన్సల్టెంట్ మొదలుకుని కాంక్రీటు పోసే చెక్క అచ్చులు, అంటే సెంట్రింగ్ కొట్టే వడ్రంగి దాకా అందరినీ అడిగాను. ఒక్కరు కూడా విసుక్కోలేదు. వాళ్లకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

అట్లా తెలుసుకున్నదాంట్లో కొంత ఇక్కడ చెప్పాలి. ఆటల మైదానం పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంచుతారు. లేకపోతే వాలుపొద్దు ఆటగాళ్ల కళ్లలో పడుతుంది. అందువల్ల గ్యాలరీలు తూర్పు పడమరలకు వస్తాయి. పడమటి గ్యాలరీకి సాయంత్రపు ఎండ వీపు వైపు ఉంటుంది కాబట్టి అది పెద్దమనుషులది. తూర్పుది ఎండకు ఎదురు, మామూలు జనానిది. ఇక మెట్లు. బయటినుంచి చూసేవాళ్లు అవన్నీ ఒకే ఎత్తు అనుకుంటారు. కాదు. వెనక కూర్చున్నవాడి చూపు ముందువాడి నెత్తి మీదుగా పోయి మైదానం అంచున పడాలంటే, పైకి పోయేకొద్దీ ప్రతి మెట్టూ కిందిదాని కంటే కొద్దిగా ఎత్తు పెరగాలి. ఆ మెట్లను మోసే వాలు దూలాలను రేకర్ బీములు అంటాం. మెట్లు సమానంగా లేవు కాబట్టి ఆ దూలమూ తిన్నగా ఉండదు, వంగిన విల్లులాగా లేస్తుంది. దాని బలం లెక్కకట్టేటప్పుడు కూర్చున్న జనం బరువు ఒక్కటే చూస్తే చాలదు. గెలుపు పరుగు వచ్చినప్పుడు వేలమంది ఒక్కసారి లేచి ఎగురుతారు. ఆ దెబ్బనూ తట్టుకోవాలి.

తూర్పు గ్యాలరీకి అట్లాంటి దూలాలు తొమ్మిది. వాటిని పోసింది ఓబుళేసు మేస్త్రి. కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషి, సొంతూరు కొత్తచెరువు పక్క పల్లె. చదువు లేదు గానీ, ఇరవై రెండు మెట్ల ఎత్తులనూ ఒక సరుగుడు కట్టె మీద గాట్లుగా కోసుకుని, ఆ కట్టె పట్టుకునే తొమ్మిది దూలాలకూ సెంట్రింగ్ నిలబెట్టాడు. నేను లెవెల్ పరికరంతో సరిచూస్తే ఎక్కడా రెండు మిల్లీమీటర్లకు మించి తేడా రాలేదు. ఆ మాట చెబితే, “మీ మిషన్ కూడా బాగానే ఉండాది మేడమ్, నా కట్టెకు సరిపోయింది” అన్నాడు.

కాంక్రీటు పోసిన ప్రతిసారీ అదే మాలులోంచి తీసి, జానెడు లోపు ఇనుప అచ్చుల్లో ఆరు దిమ్మెలు పోస్తాం. వాటిని క్యూబులు అంటాం. మరునాడు అచ్చు విప్పి నీళ్ల తొట్టిలో ముంచి ఉంచాలి. మూడింటిని ఏడో రోజు, మిగతా మూడింటిని ఇరవై ఎనిమిదో రోజు ప్రయోగశాలలో మిషన్ కింద పెట్టి నలగ్గొడతారు. ఎంత బరువుకు నలిగిందో అదే కాంక్రీటు బలం. తొట్టికి సైటులో ఒక రిజిస్టరు ఉంటుంది. నేను వారానికి రెండుసార్లు పోయి అందులో సంతకం పెట్టాలి. ఆ రిజిస్టరు గళ్లు గీసింది నేనే. పోసిన తేదీ, ఏ దూలానిది, క్యూబులు తొట్టిలో ఉన్నవా, లేవా.

చైత్రంలో దూలాలు పోశాం. ఆ ఏడు మార్చి నాటికే సైటులో బోరు ఎత్తిపోయింది, చుక్క నీరు రాలేదు. రోజుకు రెండు ట్యాంకర్లు వచ్చేవి, ఏప్రిల్‌లో ఒకటికి దిగింది. అది కూడా ఒక్కోరోజు మధ్యాహ్నం దాటాకే. కొత్త కాంక్రీటుకు కనీసం పది పద్నాలుగు రోజులు తడి ఆరకూడదు. ఆ తడిపే పనినే క్యూరింగ్ అంటాం. ఆ పనీ, క్యూబుల తొట్టి నింపే పనీ లింగమ్మవే. బత్తలపల్లె దగ్గర రెండెకరాల శెనక్కాయ చేను ఎండిపోయి కూలికి వచ్చిన మనిషి. దూలాల మీద గోనెపట్టాలు కప్పి, పొద్దున ఆరింటినుంచి పొద్దుగూకే దాకా బిందెలతో పోస్తూనే ఉండేది. నేను ఎప్పుడు చూసినా ఆ పట్టాలు తడిగానే ఉండేవి. ఆ ఎండల్లో అది మామూలు సంగతి కాదు.

ఏడో రోజు క్యూబుల ఫలితం కొంచెం తక్కువ వచ్చింది. మామూలుగా ఏడు రోజులకు మొత్తం బలంలో మూడింట రెండు వంతులు రావాలి. మేము అడిగింది చదరపు మిల్లీమీటరుకు ముప్పై న్యూటన్లు. అంటే ఏడో రోజుకు ఇరవై రావాల్సింది, సగటున పంతొమ్మిది వచ్చింది. తర్వాత పుంజుకుంటుందిలే అని, “గమనించవలెను” అని రాసి ఊరుకున్నాను. వైశాఖంలో ఇరవై ఎనిమిదో రోజు ఫలితాలు వచ్చాయి. సగటు ఇరవై ఒకటి. తొమ్మిది దూలాలకూ అదే కథ.

రెండో రోజు పొద్దున్నే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, అంటే మా ఈఈ గారు, సైటులోనే సమావేశం పెట్టారు. కోస్తా వైపు మనిషి, మాట కచ్చితం. “మేడమ్, ముప్పై అడిగాం, ఇరవై ఒకటి వచ్చింది. దీని మీద జనాన్ని కూర్చోబెట్టవచ్చని మీరు రాసిస్తారా?” అని అడిగారు. రాయలేనన్నాను. “అయితే నేనూ ఉంచలేను” అన్నారు. పది రోజుల్లో మరో ఆధారం చూపించకపోతే తొమ్మిది దూలాలూ పగలగొట్టించాలని నిర్ణయమైంది. రేకర్ బీము పగలగొట్టడమంటే గోడ పడగొట్టినట్టు కాదు. అది స్తంభాలతో కలిపి పోసింది. దూలం తీస్తే స్తంభాల తలలూ పోతాయి. తూర్పు గ్యాలరీ మళ్లీ పునాది మీదినుంచి లేవాల్సిందే.

ఓబుళేసు మేస్త్రి బయట నిలబడి అంతా విన్నాడు. కాంట్రాక్టరు సూపర్‌వైజరు సిమెంటు తగ్గించినావా అని అందరి ముందరే అడిగాడట. నేను బయటికి వచ్చేసరికి మేస్త్రి ఇసుక కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

“ముప్పై ఏండ్లాయ మేడమ్ నేను తాపీ పట్టి. ఒక గోడ గూడా నా పేరు చెప్పి ఒరిగింది లేదు. రేపు ఈ దూలాలు బ్రేకర్ పెట్టి కొడతాంటే, దావన పోయే ప్రతి బస్సోడూ చూస్తాడు. ఓబుళేసు పోసినవి అంట అంటాడు. ఇంగ నన్నెవుడు పిలుస్చాడు?”

సిమెంటు సరిగ్గానే వేశావు కదా అని అడిగాను. నేను ఆ మాట అడిగినందుకు అతని ముఖం చూడలేకపోయాను. “బస్తాలు లెక్కపెట్టి పోసింది మీ మనిషే కదా మేడమ్. నన్ను నమ్మొద్దు, ఆయప్పనన్నా నమ్మండి” అన్నాడు. నిజమే. మాలు కలిపేచోట మా విభాగం మనిషి ఒకడు రోజంతా ఉండేవాడు. అతని పుస్తకంలో తప్పేమీ లేదు.

మరునాడు పొద్దున దీపం పెట్టి, కాఫీ కూడా తాగకుండా రెండు ఫలితాల కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. నాయన చీర నేసి కోసినాక మొదట వెనక్కి తిప్పి చూసేవాడు. తప్పు ముందు వైపు కనబడదు, వెనక దారాల్లో కనబడుతుంది అనేవాడు. అందుకని సగటును వదిలి, పక్క గళ్లు చూడటం మొదలుపెట్టాను. ఏడో రోజు పంతొమ్మిది. ఇరవై ఎనిమిదో రోజు ఇరవై ఒకటి. మూడు వారాల్లో పెరిగింది రెండే రెండు. సిమెంటు తక్కువైన కాంక్రీటు బలహీనంగా ఉంటుంది, నిజమే. కానీ అది కూడా తన లెక్కన పెరుగుతుంది. పెరుగుదలే ఆగిపోయిందంటే దానికి అందనిది సిమెంటు కాదు, నీళ్లు. ప్రయోగశాలవాళ్లు రాసిన బరువులు చూశాను. ఒక్కో క్యూబు తడిసినదానికి ఉండాల్సిన బరువు కంటే నూట యాభై గ్రాములు అటూ ఇటూగా తక్కువ ఉంది.

జీపు పిలిపించుకుని నేరుగా సైటుకు పోయాను. తొట్టి మీద నీడకోసం వేసిన రేకు ఎత్తాను. ఆ రేకును నేను అంతకుముందు ఒక్కసారి కూడా ఎత్తలేదని ఇక్కడ ఒప్పుకోవాలి. రిజిస్టరు షెడ్డులో ఉండేది, ఫ్యాను కిందే కూర్చుని సంతకం పెట్టేదాన్ని. తొట్టిలో, దూలాల తర్వాతి పోతలకు తీసిన క్యూబులు వరసగా, బొమ్మల కొలువులా సర్ది ఉన్నాయి. నీళ్లు చుక్క లేవు. అడుగున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఒక తొండ నన్ను చూసి మూలకు పరుగెత్తింది.

లింగమ్మను పిలిచి అడిగాను. ఆమె దాచలేదు, తడబడలేదు కూడా. తొట్టి నింపిన మరునాటినుంచే ఆ నీళ్లు తోడి దూలాలకు పోస్తూ వచ్చిందట.

“ట్యాంకరు యాళకు రాదు. పైన దూలాలు ఎండకు చుర్రుమంటాంటాయి. ఈడ సూస్తే ఈ దిమ్మెలు తొట్లో నీళ్లల్ల పండుకోనుండాయి, రాజుల బిడ్డల మాదిరి. మోసేదానికి నీళ్లు పోయల్లనా మేడమ్, పండుకున్నదానికి పోయల్లనా?”

మరి రిజిస్టరులో తొట్టిలో ఉన్నవి అని రాయించావేమని అడిగాను. “ఉండాయి కదా. నేనేమన్నా ఎత్తకపోతినా? లెక్కపెట్టుకోండి” అంది.

నాకు కోపం రావాల్సిన చోట రాలేదు. నీళ్ల విలువ తెలిసిన ఈ ప్రాంతంలో ఎవరైనా ఆమె చేసిందే చేస్తారు. ఊరికే నిలవున్న నీళ్లు, ఎదురుగా దప్పికతో ఉన్నదేదో కనబడుతుంటే, అట్లాగే ఉంచడం ఇక్కడ పాపం కింద లెక్క. క్యూబు అనేది దూలానికి సాక్షి అనీ, దూలం తరఫున చెప్పేది అదేననీ ఆమెకు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. రిజిస్టరు గళ్లలో కూడా క్యూబులున్నాయా అని అడిగానే గాని, నీళ్లున్నాయా అని అడగలేదు.

ఆ మధ్యాహ్నమే ఈఈ గారికి నోట్ రాశాను. లింగమ్మ పేరు రాయలేదు. తొట్టి ఎండిందనీ, దాన్ని చూడకుండా సంతకాలు పెట్టింది నేననీ రాశాను. ఆయన చదివి, “మీ నిజాయితీకి సంతోషం. కానీ క్యూబులు ఎందుకు చెడ్డాయో తెలిసింది, అంతే. దూలాలు బాగున్నాయని దీంట్లో ఎక్కడుంది?” అన్నారు. ఆయన అన్నది న్యాయం. సాక్షి పనికిరాడని తేలినంత మాత్రాన ముద్దాయి నిర్దోషి కాడు కదా. కోర్లు తీయడానికి అనుమతి అడిగాను. గట్టిపడిన కాంక్రీటులోకి వజ్రపు పళ్ల గొట్టంతో తొలిచి, గుండ్రటి ముక్క బయటికి తీయడాన్నే కోర్ తీయడం అంటారు. నియమం ప్రకారం మూడు చాలు. ఈఈ గారు తొమ్మిది దూలాలకూ తొమ్మిది తీయమన్నారు. సగటు, అడిగిన బలంలో నూటికి ఎనభై అయిదు పాళ్లకు తగ్గకూడదు. ఏ ఒక్కటీ డెబ్బై అయిదుకు తగ్గకూడదు. తగ్గితే బ్రేకర్.

పది రోజుల్లో అప్పటికి మూడు గడిచాయి. లోపలి ఇనుప కమ్మీలు తెగకుండా, వాటి జాడ కనిపెట్టే పరికరంతో వెదికి, ఒక్కో దూలం పక్కన సుద్దముక్కతో గుండ్రాలు గీశాను. కోర్ మిషనుకు గొట్టం కాలిపోకుండా నీళ్లు ధారగా పోయాలి. లింగమ్మ బిందె మోసుకొచ్చి, “దీనికీ నీళ్లేనా? ఈ గవర్మెంటోళ్ల మిషన్లన్నిటికీ దప్పికెక్కువ” అంది. మేస్త్రి అంత దిగులులోనూ నవ్వాడు. “పోయమ్మే పోయి. నా దూలం మాట్లాడల్ల కదా, గొంతు తడపాల” అన్నాడు.

గొట్టం తిరుగుతున్నంతసేపూ అతను దూలం మీద అరచేయి ఆనించుకునే ఉన్నాడు. మొదటి ముక్క బయటికి వచ్చినప్పుడు నేను అటూ ఇటూ తిప్పి చూశాను. కంకర చక్కగా కలిసి ఉంది, గుల్లలు లేవు. బాగున్నట్టే ఉందన్నాను. అంతకుమించి చెప్పే హక్కు నాకు లేదు. ముక్కలను గోనెసంచుల్లో చుట్టి, జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ ప్రయోగశాలకు నేనే తీసుకుపోయాను. అక్కడ రెండు చివర్లూ కోసి, నున్నగా చేసి, రెండు రోజులు నీళ్లలో నానబెట్టాకే పరీక్ష. ఈసారి నీళ్లలో ఉన్నాయో లేదో రెండు రోజులూ పోయి చూసొచ్చాను. అక్కడి అటెండరు నన్ను చూసి, “ఏం మేడమ్, ఎత్తకపోతారని భయమా?” అన్నాడు.

పరీక్ష రోజున మిషను పక్కనే నిలబడ్డాను. మేస్త్రి కూడా వస్తానంటే తీసుకుపోయాను. లోపలికి రాకుండా వాకిట్లో చెప్పులు విడిచి కూర్చున్నాడు. మొదటి ముక్క నలిగింది. అడిగిన బలంలో ఎనభై ఒక్క పాళ్లు. విడిగా చూస్తే అది గట్టెక్కినట్టే, కానీ మిగతావీ ఇట్లాగే వస్తే సగటు నిలవదు. మనసులో కదిరి నరసింహస్వామిని తలుచుకున్నాను. ఏమి కోరాలో కూడా తెలియలేదు. నలిగే రాయి కోరికలు వినదని నాకు తెలుసు. ఉన్నదున్నట్టు చూసే ధైర్యం ఇమ్మని మాత్రం అడిగాను. రెండోది తొంభై మూడు. మూడోది తొంభై ఏడు. అట్లా ఒక్కోటీ రాసుకుంటూ పోయాను. తొమ్మిదోది నలిగాక లెక్క కట్టాను. టెక్నీషియను కూడా విడిగా కట్టాడు. ఇద్దరికీ తొంభై నాలుగే వచ్చింది.

వాకిట్లోకి వచ్చి చెప్పాను. ఓబుళేసు మేస్త్రి నిలబడి, ఒకసారి కాదు మూడుసార్లు అడిగాడు. “పగలగొట్టరు కదా? మేడమ్, పగలగొట్టరు కదా?” పగలగొట్టరని మూడుసార్లూ చెప్పాను. తువ్వాలతో ముఖం తుడుచుకుని, “సరే, పొద్దుననుంచి ఏమీ తినలేదు” అన్నాడు. నేను కూడా తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. కాలేజీ ఎదురుగా ఉన్న బండి దగ్గర ఇద్దరం ఉగ్గాని బజ్జీ తిన్నాం. నా జన్మలో అంత రుచిగా తిన్నది లేదు.

ఈఈ గారు ఫలితాలు చూసి, కన్సల్టెంట్ చేత కూడా సంతకం చేయించి, దూలాలను అంగీకరిస్తున్నట్టు రాశారు. నాకు ఒక మెమో ఇచ్చారు. తనిఖీలో అలసత్వం అని అందులో ఉంది. అది నాకు రావాల్సిందే, జవాబులో ఒప్పుకున్నాను. నీళ్లు తోడింది ఎవరో సైటులో తెలిసిపోయి, సూపర్‌వైజరు లింగమ్మను పనిలోంచి తీసేస్తానన్నప్పుడు అడ్డుపడింది మాత్రం నేను కాదు, మేస్త్రి. “ఏమప్పా, ఆ దిమ్మెల నీళ్లన్నీ తాగినందుకే కదా నా దూలాలు తొంభై నాలుగు తెచ్చినాయి! ఆయమ్మను పంపిస్తే నేనూ పోతా” అన్నాడట. సూపర్‌వైజరు ఊరుకున్నాడు. ఆ మాట సాంకేతికంగా కూడా చాలావరకు నిజం. ఆ ఎండల్లో ఒక్క ట్యాంకరుతో తొమ్మిది దూలాలు అంత బలానికి రావడం లింగమ్మ చలవే.

తర్వాత నేను రిజిస్టరు గళ్లు మార్చాను. క్యూబులు ఉన్నవా అన్నది కొట్టేసి, క్యూబుల మీద నీళ్లు ఎన్ని అంగుళాలు అని రాశాను. ట్యాంకరు వచ్చినప్పుడు తొట్టికి మొదటి వంతు పోయాలని నియమం పెట్టి, అది ఎందుకో లింగమ్మను కూర్చోబెట్టుకుని చెప్పాను. విని, “ఈ మాట ముందే చెప్పింటే అయిపోతా ఉండె కదా” అంది. ఆ తర్వాత పడమటి గ్యాలరీ క్యూబులు ఒక్కటీ తప్పలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పరీక్ష ఫలితం పరీక్షించిన వస్తువు గురించే చెబుతుంది, కట్టడం గురించి చెప్పదు. రెండూ ఒకే రకంగా పెరిగాయో లేదో కళ్లతో చూసినవాళ్లే ఒకదాన్నిబట్టి రెండోదాన్ని నమ్మాలి. పనివాళ్లకు ఏం చేయాలో చెప్పి, ఎందుకో చెప్పకపోతే, వాళ్లు తమకు తెలిసిన న్యాయం ప్రకారం చేస్తారు. అందులో తప్పు పట్టడానికి ఉండదు. మిగిలిన సర్వీసులో తొట్టి మీది రేకు ఎత్తకుండా నేను రిజిస్టరులో సంతకం పెట్టలేదు.